బండమడుగు ఆలిచిప్పలు

నల్లమలలో పులి అడుగు ఒకటి పడితే చాలు, మరుసటి దినమే పేపర్లో ఫోటో వేస్తారు. అహోబిలం అడవి దారిలో ఎలుగుబంటి కనబడిందంటే టీవీ వాళ్ళు జీపు కట్టుకొని పోతారు. పోనీ, నేనేం వద్దనలేదు. పులి పులే. కానీ మా ఊరి ఏరు సగిలేట్లో ఆలిచిప్ప అనే జీవం ఒకటి నా కండ్ల ముందరే లేకుండా పోయే కాడికి వచ్చింది. దాని గురించి ఒక్క పేపరోడు ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. అది గర్జించదు, ఉరకదు, దానికి కండ్లు గూడా లేవు. బురదలో సగం కూరుకొని, నోరు సందుగా తెరుచుకొని, నీళ్ళు తాగుతా కూర్చుంటుంది. అట్లాంటిదానికి ఎవరు ఫోటో తీస్తారు? అందుకే నేను రాస్తాండా.

మా చిన్నతనంలో ఆలిచిప్ప లేని ఇల్లు లేదు. పాలకుండ అడుగున ఎర్రగా అంటుకున్న మీగడ గోకడానికి ఒక చిప్ప. సంగటి చట్టి గీకడానికి ఇంకో చిప్ప. మామిడికాయ చెక్కు తీసే చిప్ప వేరే. దాని వీపును బండమీద అరగదీసి బొక్క చేస్తారు, ఆ బొక్క అంచుకు కత్తి గూడా చాలదు. పసిబిడ్డకు ఉగ్గు పట్టే చిప్ప మాత్రం గూట్లో, గుడ్డలో చుట్టి ఉండేది, పిల్లలం దాన్ని ముట్టుకుంటే వీపు పగిలేది. ఏ చిప్పనైనా వాడే ముందు ఇటుకపొడి, కొబ్బరిపీచు పెట్టి తెల్లగా తళతళలాడేదాకా తోమేవాళ్ళు. ఇవన్నీ ఏట్లో వాటంతట అవే చచ్చి ఒడ్డుకు పడినవి. బతికినదాన్ని ఎవురూ పెరికి తెచ్చేవాళ్ళు కాదు, అవసరమేముంది? ఎండాకాలం వచ్చిందంటే ఇసక మీద, ఆరబెట్టిన అప్పడాల మాదిరి పరుచుకొని ఉండేవి. సున్నం కాల్చేవాళ్ళు గాడిదల మీద గోతాలేసుకొని వచ్చి ఎత్తుకుపోయినా తరిగేవి కావు. ఊరికి ఎడంగా ఉండే మా పాళెం చర్చి రాళ్ళ నడుమ ఉండే సున్నం ఆ చిప్పలదేనని మా నాయన చెప్పేవాడు.

తర్వాత ట్రాక్టర్లు వచ్చినాయి. బద్వేలులో లేసిన ప్రతి మిద్దెలోనూ మా ఏరు కొంచెం కొంచెం ఉండాది. ఇసక పోయినాక ఏరు పండ్లూడిన నోరు మాదిరి తయారయింది. మిగిలిన నీళ్ళకు రెండు గట్ల మీదా మోటర్లు. చేలకు కొట్టిన మందు వాననీళ్ళతో దిగి ఏట్లోకే చేరుతుంది. ఎవరిని తిడదాం? ఇసక తోలినోళ్ళలో మా వాళ్ళూ ఉండారు, మిద్దె కట్టుకున్నోళ్ళలో మా వాళ్ళూ ఉండారు. అయినా నేను తిట్టినా. తిట్టడం నాకు ఆరోగ్యం.

చివరికి ఆలిచిప్పలు ఒక్క బండమడుగులో మిగిలినాయి. మా ఊరికి పడమట, ఏరు మలుపు తిరిగే కాడ, రెండు పక్కలా పెద్ద బండలు. ఆ బండల నడుమకు ఏ ట్రాక్టరూ దిగలేదు. నీళ్ళు బండ కిందనుంచి ఊరతాయి కాబట్టి ఎంత ఎండాకాలమైనా మడుగు పూర్తిగా ఎండదు. పొద్దున్నే పోయి బండమీద కూర్చుంటే, మడుగు ఎగువ పక్క నీళ్ళు తేటగా ఉన్నప్పుడు, బురదలో నల్లటి చీలికలు వరసగా కనబడతాయి. అవే చిప్పల నోర్లు. నేను అయిదో తరగతితో బడి మానేసినోణ్ణి. ఏటి గట్టున కూర్చునేదానికి ఎవరి సర్టిఫికెట్టూ అడగరు.

నా చదువంతా పాతసామాన్ల బండిలోనుంచి వచ్చింది. ఊర్లోకి ఆ బండి వస్తే ఆడోళ్ళు పగిలిన బక్కెట్లు తెస్తారు, నేను పుస్తకాలు ఏరుకుంటా. అట్ల ఒకసారి డిగ్రీ పిల్లోళ్ళు చదివే జంతుశాస్త్రం పుస్తకం దొరికింది, అట్ట లేదు గానీ తెలుగులో ఉండాది. తిప్పుతా పోతే మంచినీటి ఆలిచిప్ప! బొమ్మతో సహా! లోపల దానికి గుండె ఉందంట, మొప్పలున్నాయంట. ఒకే ఒక కాలు, ఆ కాలితో బురద తొలుచుకుంటా నడుస్తుందంట. దినమంతా నీళ్ళు పీల్చి, అందులో కంటికి కనబడని తిండి ఏరుకొని, నీళ్ళను తేటగా చేసి బయటికి వదులుతుందంట. వీటన్నిటికంటే వింత దాని పిల్లలది. తల్లి వాటిని నీళ్ళలోకి వదిలితే, అవి పోయి చేప మొప్పలనో రెక్కలనో పట్టుకొని వేలాడతాయి. కొన్నాళ్ళు అట్లనే చేపతోపాటు తిరిగి, కొంచెం రూపు వచ్చినాక రాలి బురదలో పడి బతుకుతాయి. చేప దొరకలేదా, ఆ పిల్ల చచ్చినట్టే. ఇంత సంగతిని పాతసామాన్ల తక్కెట్లో పడేసినోని మీద నాకు కోపం వచ్చింది. దాన్ని నా చేతికి చేర్చినందుకు వాని మీదే ప్రేమ గూడా వచ్చింది.

అది చదివినాకే నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే మా ఊరికి ‘మడుగు తొక్కేది’ అని ఒక ఆచారం ఉండాది.

ఎండలు ముదిరి, మడుగు మోకాటి లోతుకు వచ్చినప్పుడు, ఈస్టరు పండగ దాటినాక ఒక దినం కుదురుస్తారు. ఆ దినం ఊరోళ్ళూ, మా పాళెమోళ్ళూ, ఆడా మగా పిల్లా పెద్దా అందరూ ఒకేసారి మడుగులోకి దిగి కాళ్ళతో తొక్కుతారు. తొక్కగా తొక్కగా నీళ్ళు ఒట్టి బురదవుతాయి. చేపలకు ఊపిరాడక తలలు పైకెత్తుతాయి. అడుగులేని ఊత బుట్టలతో, గంపలతో, చీరకొంగులతో పట్టుకునేదే. దొరికిన చేపలన్నీ బండమీద ఒకే కుప్ప పోసి, దిగినోళ్ళు దిగనోళ్ళు అని చూడకుండా ప్రతి ఇంటికీ పంచుతారు. ఆ దినం ఊరంతా ఒకటే పులుసు వాసన. ఏడాదిలో ఊరూ పాళెమూ ఒకే నీళ్ళలో నిలబడేది ఆ ఒక్క దినమే. నాకు అది చెడ్డ ఆచారమని ఎప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

తొలి అడుగు వేసే హక్కు మా బావది. బావ అంటే నా భార్యకు అన్న. వాళ్ళ తాత కాలం నుంచి ఆ ఇంటి మొగోడే ముందు దిగాల. దిగే ముందు పాస్టరు ఒక ప్రార్థన, ఊరోళ్ళ తరపున ఒక టెంకాయ, ఆ తర్వాత బావ కాలు. బావకు ఇప్పుడు మోకాళ్ళు లేవు, ఊతకర్ర ఉండాది. పోయినేడు దినం కుదిరేటప్పటికి ఆయన ఆస్పత్రిలో ఉండె, ఆ ఏడాది మడుగు తొక్కనే లేదు. కాబట్టి ఈ ఏడు ఎట్లైనా దిగాలని, ఇదే ఆఖరుసారేమోనని, క్రిస్మస్ నుంచీ అందరికీ చెప్పుకుంటా తిరిగినాడు.

నా కష్టం ఇది: ఈ ఎండాకాలం మడుగు మునుపటి మాదిరి లేదు, బాగా కుంచించుకుపోయింది. ఊరంతా దిగితే ప్రతి కాలూ చిప్పల మీదనే పడాల. తొక్కుడుకు మిగిలిన చిప్పకు గూడా పిల్లల్ని మోసేదానికి ఒక్క చేపన్నా మిగలదు. ఒక్కసారి తొక్కితే మా ఏట్లో ఆలిచిప్ప కథ అయిపోయినట్టే.

ఆదివారం ఆరాధన అయినాక, చర్చి ముందర వేపచెట్టు కింద అందరూ నిలబడి మాట్లాడుకుంటా ఉంటే, నేను గొంతు సవరించుకొని చెప్పినా. ఈ ఏడు మడుగు తొక్కొద్దని. ఎందుకో గూడా, మొప్పలూ గుండె అన్నీ విప్పి చెప్పినా.

ముందు నవ్వింది కుర్రోళ్ళు.

"తాతా, చిప్పలకు ఆధార్ కార్డులు గూడా ఇప్పిస్తావా?"

"ఇప్పిస్తారా. దానికి వేలిముద్ర లేదు, నీకేమో బుద్ధి లేదు. ఇద్దరికీ కష్టమే" అన్నా.

బావ నవ్వలేదు. ఊతకర్ర నేలకు కొట్టినాడు.

"ఏం బావా, నా చెల్లెల్ని అడగాల్సి వస్తుందని మాకు చెప్పకుండా చిప్పను పెండ్లి చేసుకున్యావా ఏంది?"

మా చెల్లెలు ఆయన భార్య. ఇద్దరమూ ఒకరి చెల్లెల్ని ఒకరం చేసుకున్నోళ్ళం, ఎవరికీ ఎవరిమీదా పైచేయి లేదు.

"బావా, ఎగతాళి పక్కనపెట్టు. ఒక్క ఏడు ఆగు."

"నాకు యాడుండాది ఇంకో ఏడు? నా మోకాళ్ళను అడిగి చెప్పు. చిప్ప ముఖ్యమా, నేను ముఖ్యమా?"

ఇట్లాంటి ప్రశ్నకు మనిషి ఏం జవాబు చెప్తాడు? నాకు కోపం వచ్చి, "ఈ గడియకు చిప్పే" అన్నా. ఆయన ఊతకర్ర తిప్పుకొని వెళ్ళిపోయినాడు. మా ఆమె ఇంటికి పోయేదాకా నాతో మాట్లాడలేదు. పోయినాక మాత్రం చాలా మాట్లాడింది.

ఆ వారం బావ మా ఇంటి గడప తొక్కలేదు. రోజూ పొద్దున కాఫీకి వచ్చే మనిషి. నేనూ పోలేదు. నాది న్యాయం కదా, నేనెందుకు పోవాల? న్యాయం మనవైపు ఉన్నప్పుడు కాఫీ ఎంత చప్పగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

శుక్రవారం బీపీ మాత్రల కోసం బద్వేలుకు పోయినా. సాయంత్రం బస్సు దిగి వస్తా ఉంటే చర్చి వెనక బోరు కాడ, పశువులు నీళ్ళు తాగే సిమెంటు తొట్టి చుట్టూ ఆడోళ్ళు గుంపుగా ఉండారు. మా ఆమె నడుమ నిలబడి, కొత్తకోడల్ని చూపించే అత్త మాదిరి నవ్వుతాంది.

"రాయ్యా, వచ్చి సూడు నీ చిప్పల్ని. నీ కంటే బాగా సూసుకుంటిమా లేదా?"

చూసినా. తొట్టి నిండా బోరు నీళ్ళు. అడుగున ఆలిచిప్పలు. నల్లగా, పచ్చగా పాచిపట్టి ఉండాల్సినవి, పెండ్లి పాత్రల మాదిరి తెల్లగా మెరుస్తాండాయి. ఇటుకపొడి, కొబ్బరిపీచు పక్కనే ఉండాయి.

జరిగింది ఏమంటే, బావకు ఒక ఉపాయం తోచింది. మడుగులోనుంచి చిప్పల్ని తీసి భద్రం చేస్తే నా మాట నిలుస్తుంది, ఆయన తొలి అడుగు గూడా నిలుస్తుంది. చర్చి ఆడోళ్ళ సమాజానికి చెప్పినాడు. వాళ్ళు పొద్దున్నే పోయి, దొరికినవన్నీ మెల్లగా పెరికి, గంపల్లో తడిగుడ్డ పరిచి, బిడ్డల్ని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చినారు. తెచ్చినాక చేతులు ఊరకుంటాయా? చిప్ప చేతికొస్తే తోమడం మా ఆడోళ్ళకు పుట్టుకతో వచ్చిన పని. తోమినారు, కడిగినారు, మంచినీళ్ళలో వేసినారు, రెండుసార్లు నీళ్ళు గూడా మార్చినారు.

నేను చెయ్యి పెట్టి ఒకదాన్ని తాకినా. బతికిన చిప్ప తాకితే టక్కున నోరు మూసుకోవాల. అది మూసుకోలేదు. ఇంకోటి, నిదానంగా మూసుకుంది. ఇంకోటి మూసుకోలేదు.

"ఎవరు తోమమన్యారే మిమ్మల్ని? పాచి దాని ఒంటిమీది గుడ్డ! బురద దాని ఇల్లు! ఈ బోరు నీళ్ళలో అది ఏం తినాల, మీ తలకాయలా?" అని అరిచినా. గొంతు చర్చి గోడకు కొట్టుకొని తిరిగి వచ్చింది.

మా ఆమె చేతులు చీరకు తుడుచుకుంది.

"కాపాడాల, కాపాడాల అంటివి. ఎట్లనో ఒక్క ముక్క చెప్తివా? మొప్పలంటివి, గుండె అంటివి. మురికి కావాలని చెప్తివా? మాకు కాపాడేదంటే కడిగి పెట్టేదే. నిన్ను గూడా ఇన్నేండ్లూ అట్లనే కాపాడతాండా."

ఎవరో కిసుక్కున నవ్వినారు. నాకు నవ్వు రాలేదు గానీ, మళ్ళీ అరవలేదు. చిప్పలు శుభ్రంగా ఉండాలనుకున్న చేతులే కదా అవి.

అప్పటికి బావ వచ్చినాడు. తొట్టిలోకి తొంగి చూసి, ఒక చిప్పను తాకి, అది మూసుకోకపోతే మళ్ళీ తాకి, నా మొహం చూసినాడు.

"సచ్చినాయా?"

"కొన్ని. బతికినవి ఉండాయి. పొద్దు గుంకేలోపల మడుగులో వేస్తే నిలుస్తాయేమో."

"మరి నిలబడి నన్ను సూస్తావేంది? గోతాం తెండి, తడిపి తెండి!"

తడిపిన గోతాంలో వేసుకొని ఇద్దరం పోయినాం. మూటను నేను మోస్తాంటే ఆయన ఊతకర్రతో ముందు నడిచినాడు, కంప పక్కకు నెడతా. అయిదు దినాల తర్వాత ఇద్దరం కలిసి నడవడం అదే. కొంత దూరం పోయినాక, వెనక్కి తిరగకుండానే అడిగినాడు.

"చేప మొప్పల్లో పిల్లలు వేలాడతాయంటివే, నిజమా?"

"పుస్తకంలో బొమ్మ ఉండాది."

"అంటే ఇన్నేండ్లూ నేను పులుసులో చేపలతోపాటు ఆ పిల్లల్ని గూడా తింటినా?"

"తింటివి. నేనూ తింటిని. పాస్టరుగారూ తినె."

ఆయన ఊతకర్రతో ఇంకో కంప నెట్టినాడు. తర్వాత మెల్లగా, "రుచి మాత్రం బాగనే ఉండె" అన్నాడు. ఏటి దారిలో ఇద్దరం నవ్వినాం, గోతాం భుజం మీదనుంచి జారేదాకా.

మడుగు పైభాగంలో, బండ నీడలో, నీళ్ళలోకి దిగి ఒక్కొక్క చిప్పనూ బురదలో సగం దాకా గుచ్చి, నోరు పైకి ఉండేటట్టు పెట్టినా. చచ్చినవి తీసి ఒడ్డున పెట్టినా. అవి తక్కువేం కాదు. బావ బండమీద కూర్చొని, "ఆడ గాదు, ఈడ, ఈడ లోతుండాది" అని చెప్తా ఉండె. ఎక్కడ లోతో, ఎక్కడ ఊటో ఆయన కాళ్ళకు తెలిసినంత ఈ ఊర్లో ఎవరికీ తెలీదు. పని అయినాక నేను బండెక్కి పక్కన కూర్చున్యా. అప్పుడు ఆయన తీర్పు చెప్పినాడు.

"తొలి అడుగు నాది కదా బావా?"

"నీదే."

"అది యాడ పెట్టాలో గూడా నేనే చెప్తా. ఈ బండ కాడనుంచి ఆ బండకు అడ్డంగా కంప కొడదాం. దిగువ మేం తొక్కుతాం. ఎగువ ఎవరి కాలూ పడదు. పడిందా, నా ఊతకర్ర పడుతుంది."

"నీళ్ళు కలిసే ఉంటాయి కదా, బురద ఎగువకు వస్తుందేమో."

"ఊట ఎగువనుంచే కదా వచ్చేది. నీళ్ళు కిందికి పోతాయా, పైకెక్కుతాయా? ఇన్ని పుస్తకాలు చదివితివి, ఇది లేదా అందులో?"

లేదు. ఆ పుస్తకంలో బండమడుగు లేదు.

కుర్రోళ్ళే వచ్చి కంప కొట్టినారు, నన్ను ఆధార్ కార్డు గురించి అడిగిన వాడే ముందు. చిల్లకంప నరికి, రాళ్ళు పెట్టి, మడుగుకు అడ్డంగా దడి కట్టినారు. దడి నీళ్ళను ఆపదు, మనుషుల కాళ్ళను ఆపుతుంది. ఊరోళ్ళలో కొందరు గొణిగినారు, సగం మడుగుకు సగం చేపలేనా అని. బావ వాళ్ళకు ఏం చెప్పినాడో నాకు తెలీదు. మొత్తానికి దినం కుదిరింది.

ఆ పొద్దున ప్రార్థన అయింది, టెంకాయ కొట్టినారు. బావను ఇద్దరు రెండు పక్కలా పట్టుకున్యారు. ఆయన చెప్పు విడిచి, పంచె ఎగ్గట్టి, కుడికాలు దిగువ నీళ్ళలో పెట్టినాడు. ఊరంతా ఒకటే కేక. ఆయన మొహం చూడాల్సింది ఆ పూట! చీమకుర్తి గ్రానైటు గూడా అంత మెరవదు. తర్వాత అందరూ దిగినారు. నేను గూడా దిగినా, అబద్ధమెందుకు. తొక్కినా. బురద వేళ్ళ సందుల్లోనుంచి ఎగజిమ్ముతాంటే వయసు గుర్తుండదు.

బావ ఎక్కువసేపు నిలబడలేక, దడి పక్కనున్న బండమీద కూర్చున్యాడు. తొక్కుడు ముదిరి, చేపలు తలలెత్తే వేళకు, ఒక బొచ్చె చేప లేసింది. నా మోచేయి పొడుగుంటుంది. దిగువనున్నోళ్ళంతా దాని వెనక పడినారు. అది అటూ ఇటూ కొట్టుకొని, నేరుగా దడి తావకు వచ్చి, బావ కాళ్ళ ముందరే కంపల సందులో తల దూర్చి ఇరుక్కుంది. ఊత అవసరం లేదు, వల అవసరం లేదు, వంగితే చాలు. ఆయన జన్మలో అట్లాంటి చేప అంత దగ్గరికి వచ్చి ఉండదు.

"పెద్దాయనా, పట్టు! పట్టు!" అని వంద గొంతులు.

బావ వంగినాడు. కంపను ఊతకర్రతో కొంచెం పక్కకు ఎత్తినాడు. చేప తోక ఒకసారి కొట్టి, ఆయన మొహం నిండా బురద చల్లి, ఎగువ తేటనీళ్ళలోకి జారిపోయింది.

"యాలప్పా వదిలితివి?" అని ఎవరో ఏడుపు గొంతుతో అడిగినారు.

"దానికి పనుండాది పోనీ" అన్నాడు బావ, మీసాల మీద బురద తుడుచుకుంటా.

ఆ ఏడాది పంపకంలో మా ఇంటికి చిన్న పరిగె చేపలే వచ్చినాయి. మా ఆమె వాటినే పులుసు పెట్టింది. బావ వచ్చి తిన్యాడు, కాఫీ గూడా తాగిపోయినాడు.

మళ్ళీ నీళ్ళు తేరినాక ఒక పొద్దున ఇద్దరం మడుగు ఎగువకు పోయినాం. మేం గుచ్చిన కాడ కొన్ని చిప్పలు నోరు వెల్లబెట్టి ఖాళీగా ఉండాయి. వాటిని చూసి నా మనసు చివుక్కుమంది. అయితే వాటి పక్కనుంచి, మెత్తటి బురదలో, వేలితో గీసినట్టు ఒక గీత లోతుకు పోయింది. దాని పక్కనే ఇంకొకటి, వంకర తిరిగి.

"పీత పోయింటుంది" అన్నాడు బావ.

"పీతకు కాళ్ళు శానా ఉంటాయి బావా, చుక్కలు చుక్కలుగా పడతాయి. ఇది ఒంటికాలు నడక. చూడు, ఎక్కడా తెగలేదు."

ఆయన బండమీద బోర్లా పడుకొని, కండ్లు చిట్లించి, ఆ గీత ఎంతదాకా పోయిందో చూసినాడు. అది బండ నీడలోకి, ఊట దిక్కుకు పోయింది.

"మోకాళ్ళ నొప్పి ఉన్నట్టుండాది దీనికి గూడా" అన్నాడు. "మెల్లగానే పోయింది."